యోబు గ్రంథములోని మకరము

తెలుగు క్రైస్తవ గృహములలో కష్టకాలమున మొట్టమొదట వినవచ్చు పేరు యోబు. ఒకరి యింట మరణము సంభవించినను, ఉద్యోగము పోయినను, బిడ్డ రోగమున పడినను, పరామర్శకు వచ్చిన పెద్దలు "యోబు భక్తుని తలంచుకొనుడు" అందురు. ఆ మాటతో కష్టమును గూర్చిన ప్రసంగము ముగియును. యోబు అనగా ఓర్పు. ఓర్పు అనగా నోరు మెదపకుండుట. నోరు మెదపకుండుటయే దేవుని నమ్ముట అని మన మనస్సులలో ఒక లెక్క కుదిరిపోయినది. ఈ లెక్క తప్పని ఆ గ్రంథమే చెప్పుచున్నది. అంతేకాదు, మన తెలుగు బైబిలులోని రెండు మాటలు ఆ సంగతిని ఆంగ్లముకంటె మనకు దగ్గఱగా చూపుచున్నవి. ఈ రెండు మాటలను గూర్చి కొంత విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

మేము పండితులము కాము. మెట్రిక్ పరీక్షతో చదువు చాలించి, ఒక కార్యాలయమున గుమాస్తాగా లెక్కలు, దస్త్రములు చూచి విశ్రాంతి పొందినవారము. తాతలనాటి నుండి బరంపురము మా ఊరు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు ఈ ఊరు మద్రాసు రాజధాని నుండి విడివడినది. మావారు ఎక్కడికిని పోలేదు. సరిహద్దు మాత్రము మా యింటి ముందునుండి జరిగిపోయినది. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో మొదటి వరుసవాడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) జన్మించినదియు ఈ సీమయందే, పర్లాకిమిడి ప్రాంతమున. బ్రాహ్మణ కుటుంబమున పుట్టి క్రైస్తవుడైన ఆ కవి తన భక్తిని రాగతాళములతో, పల్లవి చరణములతో పాడెను. కొత్త మతమును చేపట్టినవాడు పాత భాషను, పాత సంగీతమును విడువ నక్కఱలేదని ఆయన తన పనిచేత నిరూపించెను. యోబు గ్రంథమును తెలుగు చెవులతో వినుటకు మాకు ధైర్యమిచ్చినది ఆ మార్గమే.

గ్రంథ స్వరూపమును ముందుగా చూతము. దీనియందు 42 అధ్యాయములు గలవు. మొదటి రెండధ్యాయములును, కడపటి అధ్యాయములోని చివరి భాగమును వచన కథ. నడుమనున్నది ప్రధానముగా కవిత్వము. ఒకే భావమును రెండు పాదములలో రెండు విధముల చెప్పుట హీబ్రూ కవిత్వ లక్షణము. ప్రాసమీద గాక భావముమీద నిలిచిన కవిత్వమగుటచే, మన తెలుగు వచనానువాదమునను దాని నడక కొంతవరకు మిగిలినది.

కథ అందఱెఱిగినదే. ఊజు దేశమున యోబను యథార్థవర్తనుడు. అతనికి ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. 7,000 గొఱ్ఱెలు, 3,000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 ఆడుగాడిదలు. పరలోక సభలో సాతాను ఒక ప్రశ్న వేయును. లాభము లేకయే ఇతడు భక్తి చేయుచున్నాడా అనునది దాని సారము. అంతట ఒక్క దినమున నలుగురు పనివాండ్రు ఒకరి వెంట నొకరు పరుగెత్తి వచ్చి, ఆస్తి పోయెనని, కడకు బిడ్డలందఱును కూలిన యింటి క్రింద మరణించిరని చెప్పుదురు. ఇచ్చినవానికే తీసికొను అధికారము గలదని యోబు సాష్టాంగపడును. పిమ్మట దేహమంతయు కురుపులు లేచి, బూడిదలో కూర్చుండును.

మన ప్రసంగములు సాధారణముగా ఇక్కడ నిలిచి, వెంటనే 42వ అధ్యాయమునకు దూకును. అక్కడ ఆస్తి రెండింతలైనది. కనుక ఓర్చినవానికి రెండింతలు దక్కునని నీతి. యాకోబు పత్రిక 5వ అధ్యాయమున యోబు సహనము ప్రశంసింపబడిన మాట నిజమే. కాని ఆ సహనమెట్టిదో తెలిసికొనవలెనన్న 3వ అధ్యాయము మొదలు 41వ అధ్యాయము వఱకు చదువక తప్పదు. మేము వినిన ప్రసంగములలో ఈ నడిమి భాగమునకు తావిచ్చినవి మిక్కిలి తక్కువ. గ్రంథములో పదింట తొమ్మిది పాళ్లు విడిచి, మిగిలిన పాలుతో తీర్పు చెప్పుట ఏ కార్యాలయమునను చెల్లదు. దేవుని మందిరమున చెల్లుచున్నది.

ఆ నడిమి భాగమున ఓర్పుగల యోబు తాను పుట్టిన దినమును శపించును. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని ప్రక్కన నేలమీద మౌనముగా కూర్చుండిరి. గ్రంథములో వారు చేసిన మంచి పని అదియొక్కటే. నోరు విప్పినది మొదలు వారిది జమాఖర్చుల వాదము. పాపమునకు శిక్ష ఖర్చు, పుణ్యమునకు సుఖము జమ. నీ ఖాతాలో ఇంత ఖర్చు కనబడుచున్నది గనుక ఎక్కడో పాపముండవలెను, వెదకికొనుము అందురు. యోబు ఒప్పుకొనడు. తాను నిర్దోషినని, దేవుడు తనకు న్యాయము చేయలేదని, ఆయనతోనే వాదింపవలెనని బిగ్గరగా చెప్పును.

ఈ వాదము మనకు క్రొత్త కాదు. "పూర్వజన్మ పాపము", "తలవ్రాత" అని మన హిందూ సోదరులును, "మీలో ఏదో ఒప్పుకొనని పాపముండవలెను" అని మన క్రైస్తవ సోదరులును పలుకుట మేము ఒక్కటే వరండాలో, ఒక్కటే సాయంకాలమున వింటిమి. మా యింటి యిల్లాలు రెండు సంవత్సరములు మంచము పట్టి 2014లో ప్రభువునందు నిద్రించినది. వచ్చినవారందఱును మంచివారే, మా మేలు కోరినవారే. అయినను వారు లేచి వెళ్లిన పిమ్మట ఆమె గోడవైపు తిరిగి పరుండి, తాను చేసిన తప్పేమని మమ్ము అడిగెడిది. రోగము పెట్టిన బాధ ఒక యెత్తు, ఈ ప్రశ్న పెట్టిన బాధ ఒక యెత్తు. పొరుగింటి ఒడియా వృద్ధురాలొకతె మాత్రము ప్రతి సాయంకాలమును వచ్చి, ఏమియు పలుకక, మంచము ప్రక్కన కూర్చుండి విసనకఱ్ఱతో విసరి పోయెడిది. యోబు స్నేహితుల మొదటి ఏడు దినములు ఆమెలో మాకు కనబడినవి. ఎనిమిదవ దినము ఆమె యొద్ద రాలేదు.

ఒకనాటి రాత్రి మేము బైబిలు మూసి, బల్లమీద విసురుగా పెట్టి, ప్రార్థన చేయక పరుంటిమి. ఇట్టి మాట ఇట్టి సంచికలో వ్రాయదగునా యని సందేహించితిమి. కాని గ్రంథవిమర్శ చేయువాడు ఆ గ్రంథమును తాను ఏ స్థితిలో చదివెనో దాచినచో విమర్శ సగమే యగును. మఱునాడు తెఱచినప్పుడు మేము చదివినది మొదటి అధ్యాయము కాదు, మూడవది. మాకంటె పెద్ద కేక అక్కడ అచ్చుపడి యుండుట చూచి సిగ్గు కొంత తీరినది.

ఇక మొదటి మాట. 13వ అధ్యాయము 15వ వచనమున, దేవుడు తన ప్రాణము తీసినను తానేమి చేయునో యోబు చెప్పును. ఇక్కడ హీబ్రూ మూలమున ఒక చిక్కు గలదు. పాఠమున వ్రాసిన పదమునకును, చదువవలెనని అంచున సూచించిన పదమునకును ఉచ్చారణ ఒక్కటే. వ్రాతలో భేదము స్వల్పము. ఒకదానికి "లేదు" అని, రెండవదానికి "ఆయనకు" అని అర్థము. అందుచేత 1611నాటి ఆంగ్లానువాదము ఈ చోట నమ్మికను చెప్పగా, 1952నాటి సవరించిన ఆంగ్లానువాదము ఆశ లేదని చెప్పును. నమ్మికకును నిరాశకును నడుమ దూరమింతేనా యని మేము ఆశ్చర్యపడితిమి. అనుభవించినవారికి ఆ దూరమంతయేనని తెలియును. ఏ పాఠము గ్రహించినను, వచనము రెండవ భాగము మాఱదు: తన నడతను దేవుని యెదుటనే వాదించెదనని యోబు పట్టుపట్టును. ఆశ యున్నను లేకున్నను అతడు మఱియొక న్యాయస్థానమునకు పోడు.

తెలుగు అనువాదకులు మొదటి పాఠమునే అనుసరించిరి. అయితే వారు "నమ్ముట" అను మాట వేయలేదు. "కనిపెట్టుట" అను మాట వేసిరి. క్రైస్తవ వ్యవహారమున దీనికి ఎదురుచూచుటయని అర్థము. వాడుకలో ఈ మాటకు మఱియొక బలము గలదు. రోగిని కనిపెట్టుకొని యుండుట, పసిబిడ్డను కనిపెట్టుకొని యుండుట, రాత్రివేళ చేనిని కనిపెట్టుకొని యుండుట. నిద్ర మానుకొని, చూపు మరల్చక, లేచిపోక ప్రక్కననుండుట అని దాని భావము. రోగి పలుకడు, అయినను కనిపెట్టుకొనియున్నవాడు లేచిపోడు. యోబు దేవుని యెడల చేసినది సరిగా ఇదియే. దేవుడు 37 అధ్యాయముల వఱకు అతనితో ఒక్క మాటయు పలుకలేదు, యోబు లేచిపోలేదు. అరచెను, దెప్పెను, ఏడ్చెను; కాని అక్కడనే కూర్చుండెను. "నమ్మిక" అన్నచో మనస్సులోని ఒక స్థితి తోచును. "కనిపెట్టుట" అన్నచో మంచము ప్రక్కనున్న పీట తోచును. రెండేండ్లు ఆ పీటమీద కూర్చుండినవారము గనుక ఈ మాట విలువ మాకు తెలిసినది.

దేవుని దెప్పుట భక్తి యగునా యని కొందఱడుగవచ్చును. తెలుగువారికి ఈ సందేహము రాగూడదు. పాల్వంచ పరగణా తహసీల్దారైన కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచల రామునికి గుడి కట్టించి, గోలకొండ చెఱలో మగ్గి, రామునికి చేయించిన నగలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఎత్తిపొడిచెను. ఆ కీర్తనలను దైవదూషణ యని మనమెన్నడును అనలేదు, పిల్లలకు నేర్పుచున్నాము. పరాయివానిని ఎవరును అట్లు దెప్పరు. సొంతమనుకొన్న వానినే దెప్పుదురు. రామదాసును అర్థము చేసికొనిన తెలుగు చెవికి యోబు 3వ అధ్యాయము అవిశ్వాసముగా వినబడుట మన చదువులోని లోపమే గాని గ్రంథములోనిది కాదు. ఒక్క భేదము మాత్రము గలదు. రామదాసునకు తన చెఱకు కారణము తెలియును, యోబునకు తెలియదు. పరలోక సభ పాఠకులకు చూపబడినది గాని, యోబునకు గ్రంథాంతమువఱకు చెప్పబడలేదు.

రెండవ మాట 41వ అధ్యాయమున గలదు. ఎట్టకేలకు దేవుడు సుడిగాలిలోనుండి మాటలాడును. యోబు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడు, తానే ప్రశ్నించును. భూమికి పునాది వేసిన నాడు నీవెక్కడ నుంటివని, మంచు నిలువలు చూచితివా యని, కొండమేకలు ఈను కాలమెఱుగుదువా యని అడిగి, కడపట రెండు మహామృగములను చూపును. ఆంగ్లానువాదములు ఆ రెండింటి హీబ్రూ పేర్లను అట్లే దిగవిడిచినవి. చదువరికి అవి వట్టి శబ్దములు. తెలుగు బైబిలు మొదటిదానిని నీటిగుఱ్ఱమనెను, రెండవదానిని మకరమనెను. ఈ జంతువు మొసలియే యని కొందఱు పండితులును, పురాతన గాథలలోని సముద్ర భూతమని కొందఱును చెప్పుదురు. మకరమను మాట ఈ రెండింటికిని సరిపోవును. అది మడుగులోని మొసలియు నగును, వరుణుని వాహనమైన అద్భుత జంతువు నగును. అనువాదకులు ఆలోచించి వేసిరో, అలవాటుచే వేసిరో గాని, ఇంతకంటె తగిన మాట దొరకదు.

మకరమనగానే తెలుగువాని మనస్సు ఎక్కడికి పోవును? పదునైదవ శతాబ్దిలో బమ్మెర పోతన రచించిన భాగవతము అష్టమ స్కంధమునకు పోవును. మడుగున దిగిన గజేంద్రుని కాలు మకరము పట్టినది. వేయేండ్లు పెనగి, బలముడిగి, అసలు దేవుడున్నాడో లేడో యని సైతము సందేహించి, కడకు ఆ సందేహముతోనే మొఱపెట్టెను. హరి చేతనున్న పని విడిచి పరుగెత్తి వచ్చెను. చక్రము మకరమును ఖండించెను. మా చిన్నతనమున మా తల్లి, నిష్ఠగల క్రైస్తవురాలయ్యును, చీకటిలో భయపడిన మాకు ఈ కథ చెప్పెడిది. పిలిచిన దేవుడు వచ్చుననుటకు ఇంతకంటె చక్కని కథ ఏ భాషలోనున్నదో మేమెఱుగము.

ఆ కథ నెఱిగినవాడు యోబు 41వ అధ్యాయమునకు వచ్చినప్పుడు ఏమి కోరును? దేవుడు వచ్చినాడు, మకరము కనబడినది. ఇక చక్రము రావలెను. రాదు. దేవుడు మకరమును చంపకపోగా దానిని వర్ణించును. దాని పొలుసుల బిగువు, దాని దంతముల భయము, దాని శ్వాస వేడిమి, అధ్యాయమంతయు ఇదియే. దానిని గాలముతో లాగజాలవు, పెంపుడు పిట్టను వలె ఆటకు కట్టజాలవు, బేరమాడి అమ్మజాలవు అని తాత్పర్యము. అది నా సృష్టిలోనిదే, నా చేతి క్రిందనే యున్నది, నీ చేతి క్రింద లేదు. అంతటితో సుడిగాలి ప్రసంగము ముగియును. మకరము బ్రదికియే యున్నది.

పోతన కథలో కష్టమునకు కారణమును చెప్పబడినది. ఏనుగు పూర్వమున అగస్త్య శాపమందిన ఇంద్రద్యుమ్నుడు, మొసలి దేవల శాపమందిన హూహూ యను గంధర్వుడు. లెక్క తేలినది, ఖాతా మూయబడినది. యోబు కథలో లెక్క తేలదు. ఈ రెండు కథలలో ఏది గొప్ప యని తీర్పు చెప్పుట మా పని కాదు. ఒకటి ఒక వేళకు, మఱియొకటి మఱియొక వేళకు. మకరము కాలు విడిచిన దినమున గజేంద్రమోక్షణము చదువుకొనవలెను. విడువని దినమున ఏమి చదువుకొనవలెను? మా యింటిది విడువలేదు. అట్టివారికొఱకు వ్రాయబడిన గ్రంథమిది.

మకరమును చూచిన యోబు శాంతించెను. జవాబు రాకుండ శాంతి ఎట్లు వచ్చెనని విమర్శకులు చిరకాలముగా తర్కించుచున్నారు. బలవంతుని గద్దింపునకు బలహీనుడు లొంగెనని అనువారును గలరు. ఆ మాటను తేలికగా త్రోయరాదు. సుడిగాలి ప్రసంగమున ఓదార్పు మాట యొక్కటియు లేదన్నది సత్యమే. కాని యోబు స్వయముగా చెప్పిన కారణము వేఱు. ఇంతవఱకు చెవితో విన్నవానిని ఇప్పుడు కంట చూచితినని అతని భావము. అతడు మొదటినుండియు కోరినది వివరణ కాదు, సన్నిధి. కార్యాలయమున మేమెన్నో అర్జీలు చూచితిమి. కాగితముమీద జవాబు పొంది తృప్తిపడక వెళ్లినవారు గలరు. అధికారి తమ్ము పిలిచి, కూర్చుండబెట్టి, మొగము చూచి వినెనని, పని కాకున్నను కన్నీరు తుడుచుకొని వెళ్లినవారును గలరు.

తీర్పు 42వ అధ్యాయము 7వ వచనమున వచ్చును. దేవుని పక్షమున ఇన్ని మాటలాడిన ముగ్గురు స్నేహితులమీద ఆయన కోపించి, వారు తన్ను గూర్చి యుక్తముగా పలుకలేదని, యోబు పలికెనని చెప్పును. దేవునికి వకీళ్లుగా నిలిచినవారు ఓడిరి. దేవునితో వాదించినవాడు గెలిచెను. మన ప్రసంగపీఠములమీద ఈ వచనము మఱికొంత తఱచుగా వినబడవలెను.

గ్రంథములో లోపములు లేవా యందురేమో. ఎలీహు ప్రసంగములు ఆఱు అధ్యాయములు సాగి, స్నేహితుల మాటలనే చాలవఱకు మరల వల్లించును. ముగింపును మాకు కొంత యిబ్బందియే. 14,000 గొఱ్ఱెలు, 6,000 ఒంటెలు, 1,000 జతల ఎడ్లు, 1,000 ఆడుగాడిదలు వచ్చెనని కథకుడు సంతోషించును. గొఱ్ఱెకు గొఱ్ఱె బదులు రావచ్చును. బిడ్డకు బిడ్డ బదులా? అయితే ఒకటి గమనింపుడు. పశువులు రెండింతలైనవి, బిడ్డలు కాలేదు. మరల ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలే. పోయిన పదుగురిని కథకుడు కొట్టివేయలేదని, వారు ఇంకను యోబు లెక్కలోనే యున్నారని మా చదువు. కుమార్తెలకు యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని పేర్లు చెప్పి, అన్నదమ్ములతో పాటు వారికిని స్వాస్థ్యమిచ్చెనని వ్రాయుటయు విశేషమే. దుఃఖము చూచిన తండ్రి ఏ బిడ్డను తక్కువ చేయడు గాబోలు.

ఇంతకును ఈ సంచిక చదువు కుటుంబములకు మా మనవి యొక్కటి. మన పిల్లలు బడిలో ఒడియా, ఆంగ్లములు చదువుచున్నారు; వారి చేతిలోని బైబిలు ఆంగ్లము. అది తప్పు కాదు. కాని ఆ బైబిలులో మకరము లేదు, పేరు తెలియని మృగమొకటి గలదు. మంచము ప్రక్కన కనిపెట్టుకొని యుండుట లేదు, నమ్మిక యను మాట మాత్రము గలదు. తెలుగు మఱచినవానికి గజేంద్రుడును యోబును ఒకరి నొకరు ఎఱుగని పరాయివారగుదురు. వారమునకొక అధ్యాయము చొప్పున, పెద్దవారు బిగ్గరగా చదువగా పిల్లలు వినినచో, 42 వారములలో గ్రంథము పూర్తియగును. మూడవ అధ్యాయమును దాటవేయకుడు.

మేము ఇప్పుడు ఆ పీటను వరండాలో వేసికొంటిమి. మా ప్రశ్నకు జవాబు రాలేదు. సాయంకాలములందు అక్కడనే కూర్చుండి చదువుకొనుచున్నాము, లేచిపోలేదు.